అద్దం స్విచ్ గట్టిగా నొక్కితే తప్ప పనిచేయట్లేదు, బటన్ల మీద రంగు పోయింది: మార్చేయాలా, విప్పి చూడాలా?

సందేహాలరావు
అందరికీ నమస్కారం. నాది ఇరవై ఏళ్లు దాటిన సెడాన్. ఇంజిన్ గురించి బెంగ లేదు కానీ లోపల కూర్చుంటేనే ప్రాణం ఉసూరుమంటోంది.

డ్రైవర్ డోర్ మీద ఉన్న నాలుగు అద్దాల స్విచ్‌లో, పక్క సీటు అద్దం దించాలంటే గట్టిగా నొక్కాలి. ఒక్కోసారి నొక్కి కాస్త పక్కకి నెడితేనే కదులుతుంది. పైకి ఎక్కేటప్పుడు మరీ నత్తనడక. ఏసీ బటన్ల మీద గోరు తగిలే చోట నల్లరంగు లేచిపోయింది, రాత్రి లైట్లు వేస్తే గుర్తుల పక్క నుంచి కూడా వెలుతురు బయటికి వస్తోంది. గేర్ చుట్టూ ఉన్న ప్యానెల్ మీది మెత్తటి పూత జిగురైపోయింది. చెయ్యి ఆనితే అంటుకుంటోంది. వీటికి తోడు ఏసీ వెంట్ కింద పట్టీ ఒకవైపు లేచి గతుకుల్లో టకటకమంటోంది.

ఈ భాగాలు కొత్తవి రావడం ఆగిపోయిందని చెప్పారు. బయట తయారైన స్విచ్ దొరుకుతుందట. అది వేసేయనా, ఉన్నదాన్నే బాగు చేసుకోనా? విప్పాలంటే టెన్షన్‌గా ఉంది, క్లిప్పులు విరుగుతాయేమోనని.

స్క్రూడ్రైవర్
కొత్తది వేసేయండి బ్రదర్. స్విచ్ అంటే అరిగిపోయే వస్తువే. దాన్ని విప్పి, తుడిచి, మళ్లీ బిగించి, మళ్లీ విప్పి... అంత ఓపిక ఎందుకు? పాతది తీయడం, కొత్తది నొక్కడం, అంతే పని.

తీగలపెట్టె
స్క్రూడ్రైవర్ గారు చెప్పింది తేలికే, కానీ కొత్తది కూడా కొన్నాళ్లకే ఇలాగే అయితే ఏం చేస్తారు? స్విచ్ ఊరికే అరగదు. దాని వెనకున్న మోటారు ఎంత కరెంటు లాగుతోందో దాన్నిబట్టే దాని ఆయుష్షు.

ముందు ఈ అద్దాల స్విచ్ ఎలా పనిచేస్తుందో చూద్దాం. పాత కార్లలో చాలావాటికి అద్దం మోటారు తీగలు రెండూ నేరుగా స్విచ్‌లోకే వస్తాయి. మీరు ఏమీ నొక్కనప్పుడు రెండు తీగలూ స్విచ్ లోపల ఎర్త్‌కే (బండి బాడీ, అంటే బ్యాటరీ మైనస్ వైపు) ఆనుకుని ఉంటాయి. ఎక్కించే వైపు నొక్కితే ఒక తీగ ఎర్త్ వదిలి 12 వోల్టుల వైపు మారుతుంది, రెండోది ఎర్త్‌లోనే ఉంటుంది. దించే వైపు నొక్కితే దీనికి తిరగేసి. ఇక పక్క సీటు అద్దానికి రెండు స్విచ్‌లు ఉంటాయి కదా, దాని డోర్ మీద ఒకటి, మీ దగ్గర ఒకటి. ఆ డోర్ స్విచ్‌కి ఎర్త్ వచ్చేది మీ డ్రైవర్ స్విచ్ లోపల నుంచే. కాబట్టి మీ దగ్గరున్న కాంటాక్టులో మసి పడితే, పక్క సీటులో కూర్చున్నవాళ్లు వాళ్ల స్విచ్ నొక్కినా అద్దం ఏడుస్తుంది. చాలామంది ఆ డోర్ స్విచ్ మార్చి, తర్వాత మోటారు మార్చి, చివరికి డ్రైవర్ స్విచ్ దగ్గరికొస్తారు.

కాబట్టి మీరు చెప్పాల్సింది ఒకటి: పక్క సీటు డోర్ మీది స్విచ్ నొక్కినప్పుడు కూడా నెమ్మదిగానే ఎక్కుతోందా?

సందేహాలరావు
అవునండి, అక్కడ నొక్కినా అంతే. ఇంకోటి, నిన్న డ్రైవర్ స్విచ్ పైకి తీసి మల్టీమీటర్ పెట్టి చూశాను. నొక్కితే బీప్ వస్తోంది. అంటే స్విచ్ బాగున్నట్టేనా?

తీగలపెట్టె
బీప్‌ని నమ్మకండి. మీటర్ ఆ పరీక్షలో పంపే కరెంటు మిల్లీ ఆంపియర్లలో ఉంటుంది. కాంటాక్టు మీద సూదిమొనంత చోటు శుభ్రంగా ఉన్నా చాలు, బీప్ కొట్టేస్తుంది. అద్దం మోటారుకి కావాల్సింది ఆంపియర్లు.

లెక్క చూడండి. కాంటాక్టు దగ్గర 0.2 ఓమ్ అడ్డు ఉందనుకుందాం. మీటర్ తీగల అడ్డే ఇంచుమించు అంత ఉంటుంది, కాబట్టి అది మీటర్‌లో తేలదు. మోటారు బరువుగా తిరుగుతూ 10 ఆంపియర్లు లాగితే ఆ చిన్న చోట 2 వోల్టులు పోతాయి, 20 వాట్ల వేడి పుడుతుంది. సన్నపని చేసే సోల్డరింగ్ ఐరన్ వేడి అది, ప్లాస్టిక్ డబ్బా లోపల. అక్కడే ప్లాస్టిక్ మెత్తబడి, కాంటాక్టు కిందికి కుంగి, గట్టిగా నొక్కితే తప్ప అందని పరిస్థితి వస్తుంది. పక్కకి నెడితే పనిచేస్తోందన్నారు చూడండి, అది ఇదే అయ్యుండొచ్చు.

సరైన పరీక్ష వోల్టేజి డ్రాప్, అంటే మోటారు తిరుగుతుండగా స్విచ్‌లో ఎన్ని వోల్టులు పోతున్నాయో చూడటం. కనెక్టర్ పెట్టి ఉంచే, దాని వెనక నుంచి ఒక మొన స్విచ్‌కి 12 వోల్టులు వచ్చే పిన్ను దగ్గర, రెండోది మోటారుకి వెళ్లే పిన్ను దగ్గర ఆనించండి. మీటర్‌ని డీసీ వోల్టుల్లో పెట్టి, అద్దం కదులుతుండగా చదవండి. బాగున్న స్విచ్ 0.1, 0.2 దగ్గర చూపిస్తుంది. వోల్టు దాటితే లోపల మసి ఉన్నట్టే. ఇదే పని ఎర్త్ వైపు కూడా చేయాలి, ఆ సగాన్ని అందరూ మర్చిపోతారు.

ఆదివారం_మెకానిక్
తీగలపెట్టె అన్న సిద్ధాంతం చెప్పారు, నేను విప్పడం చెప్తాను.

పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు ప్లాస్టిక్ జోలికి పోకండి, పెళుసుగా ఉంటుంది. బండి కాసేపు ఎండలో నిలిపి, లేదా హెయిర్ డ్రయ్యర్‌తో అంచులు వెచ్చబెట్టి మొదలెట్టండి. స్టీలు స్క్రూడ్రైవర్ వద్దు (ఇక్కడ ఆ పేరే పెట్టుకున్న పెద్దాయన క్షమించాలి), నైలాన్ పలక వాడండి. పక్కనున్న ప్యానెల్ అంచుకి మాస్కింగ్ టేపు వేసుకోండి. లాగే ముందు స్క్రూలు ఎక్కడ దాక్కున్నాయో చూడాలి. డోర్ హ్యాండిల్ గిన్నెలో రబ్బరు మ్యాట్ కింద ఒకటి, చిన్న మూత వెనక ఒకటి ఉండడం మామూలు. క్లిప్పు విరిగిందంటే నూటికి తొంభైసార్లు స్క్రూ తీయకుండా లాగినందుకే.

స్విచ్ బయటికొచ్చాక తెరిచేది మాత్రం పెద్ద పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో చేతులు పెట్టి. హాస్యం కాదు. రాకర్ (వేలితో నొక్కే మీట) పైకి లేవగానే దాని కింద ఉన్న చిన్న ప్లాస్టిక్ పుల్ల, అందులో బియ్యపు గింజంత స్ప్రింగు బయటికి ఎగురుతాయి. సీటు కింద పడిందంటే ఇక వెతుక్కోవడమే. తెరిచే ముందు నాలుగు వైపులా ఫోటోలు తీసుకోండి, ఏ రాకర్ ఎక్కడిదో తిరిగి పెట్టేటప్పుడు తికమక పడకుండా.

లోపల తూగుడుబల్లలా ఊగే సన్నని రాగి రేకులు కనిపిస్తాయి. వాటి చివర్లలో చిన్న వెండిరంగు బొట్లు ఉంటాయి, అవే కాంటాక్టులు. చాలావాటిలో అది వెండి మిశ్రమమే. ఒకప్పుడు తెల్లగా వేసిన గ్రీజు ఇప్పుడు గోధుమరంగు మైనంలా గడ్డకట్టి, బొట్ల చుట్టూ మసితో కలిసి ఉంటుంది. ముందు ఆ గ్రీజంతా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచేయండి. తర్వాత మందపాటి కాగితపు ముక్కను ఆల్కహాల్‌లో తడిపి, కాంటాక్టులు రెండూ మూసి, వాటి మధ్య నుంచి లాగండి. కాగితం నల్లగా వస్తుంది. తెల్లగా వచ్చేదాకా లాగండి. మొండిగా ఉంటే సిరా చెరిపే గరుకు రబ్బరు, లేదా గ్లాస్ ఫైబర్ పెన్. గరుకు ఎమరీ పేపర్ పెట్టి రుద్దితే పైనున్న వెండిపొర పోయి కింద రాగి తేలుతుంది, అది ఇంకా త్వరగా కాలుతుంది.

స్క్రూడ్రైవర్
నా పేరు జోలికి రావద్దు స్వామీ 😄 ఇంత చేసే బదులు సందుల్లోంచి సిలికాన్ స్ప్రే కొడితే పోదా? తుప్పు వదిలించే స్ప్రే కూడా కొట్టేవాళ్లున్నారు.

తీగలపెట్టె
దయచేసి వద్దు. నిప్పురవ్వ పుట్టే కాంటాక్టు దగ్గర సిలికాన్ ఆవిరి ఉంటే, ఆ రవ్వ వేడికి అది సిలికాగా మారి కాంటాక్టు మీద పేరుకుంటుంది. సిలికా అంటే ఇసుక, కరెంటు పోనివ్వదు. ఇవాళ బాగైనట్టు కనిపించి తర్వాత మొదటికన్నా ఘోరం అవుతుంది. తుప్పు స్ప్రే జిడ్డు వదిలిపెడుతుంది, దానికి దుమ్ము పడుతుంది. ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్ అని రాసి, ప్లాస్టిక్‌కి హాని లేదని డబ్బా మీద ఉన్నదే వాడాలి. కొన్ని క్లీనర్లు పాలికార్బొనేట్‌ను పగలగొడతాయి. గ్రీజు తిరిగి వేయాలంటే స్విచ్‌ల కోసం చేసిన సిలికాన్ లేని గ్రీజు, అది కూడా రాకర్ ఆనే చోట, రేకు ఊగే చోట పలచగా. బొట్ల మీద కాదు.

గాజు_గాడి
అందరూ స్విచ్ మీదే పడ్డారు కానీ అద్దం నెమ్మదిగా ఎక్కడానికి కారణం అద్దం జారే రబ్బరు గాడి కూడా కావచ్చు. ఏళ్ల తరబడి దుమ్ము పట్టి రబ్బరు ఎండిపోతే అద్దం బిగుసుకుని నడుస్తుంది, మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, ఆ కరెంటంతా తీగలపెట్టె గారు చెప్పిన 0.2 ఓమ్ గుండానే పోవాలి. స్విచ్ కాలింది అందుకే.

అద్దం పూర్తిగా దించి, తడిగుడ్డ చుట్టిన పలకతో గాడిలో మట్టి తీయండి. ఆరాక సిలికాన్ స్ప్రే సన్నగా కొట్టండి. సిలికాన్ ఇక్కడ మంచిదే, స్విచ్‌లో మాత్రమే చెడ్డది. ఆయిలూ గ్రీజూ రబ్బరుకి పడవు, ఉబ్బిపోతుంది. మధ్యలో గట్టిపడే చోటు ఉందేమో, ఎక్కుతుండగా అద్దాన్ని రెండు అరచేతులతో కాస్త పైకి సాయం పట్టి చూస్తే తెలిసిపోతుంది. సాయం చేయగానే వేగం పెరిగితే సగం రోగం గాడిలోనే.

నల్లపూత
నేను జిగురు ప్యానెల్ సంగతి చూస్తాను.

అది మురికి కాదు, ఎంత సబ్బు పెట్టినా పోదు. పైన వేసిన మెత్తటి పాలియురెథేన్ పూత వేడికీ గాలిలో తేమకీ లోపల నుంచి విడిపోయి జిగటగా మారుతుంది. దాన్ని కాపాడలేం, తీసేయాలి. ప్యానెల్ బండిలోంచి బయటికి తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డ దానిమీద కొన్ని నిమిషాలు కప్పి ఉంచండి, మెత్తబడుతుంది. పాత ప్లాస్టిక్ కార్డు అంచుతో గీకితే ముద్దగా లేస్తుంది. మళ్లీ తడపడం, మళ్లీ గీకడం. గాలి ఆడే చోట చేయండి, చుట్టుపక్కల మంట ఉండకూడదు. అసిటోన్, థిన్నర్ దగ్గరికి రానివ్వద్దు, కింద ఏబీఎస్ అనే రకం ప్లాస్టిక్ ఉంటే కరిగి పాడైపోతుంది.

చాలావాటిలో పూత కింద ఉన్న ప్లాస్టిక్ మామూలు నల్లగా, చూడటానికి బాగానే ఉంటుంది. అలాగే వదిలేయడం నాకిష్టం. రంగు వేస్తేనే మళ్లీ ఏదో ఒకరోజు లేస్తుంది.

అసలు హెచ్చరిక ఇది: గుర్తులున్న బటన్ల మీద ఈ ఆల్కహాల్ గుడ్డ పెట్టకండి! ఆ గుర్తులు ఉన్నదే ఆ నల్లపూతలో. పూత పోతే గుర్తు కూడా పోతుంది, చేతిలో తెల్లటి బటన్ మిగులుతుంది.

సందేహాలరావు
అమ్మో, మంచి టైమ్‌కి చెప్పారు. రేపు అదే చేద్దామనుకున్నాను. మరి ఆ బటన్లకి ఏం చేయాలి? మ్యాజిక్ స్పాంజి అంటారే, తెల్లగా ఉంటుంది, దాంతో తుడవనా?

నల్లపూత
వద్దు. ఆ స్పాంజి మెలమైన్, అంటే అతి సన్నని సాండ్ పేపర్ లాంటిదే. మాట్ పూతని మెరిపించి, అంచుల్లో పలచబరిచి వదిలిపెడుతుంది. బటన్లు జిడ్డు పోవాలంటే నీళ్లలో ఒక చుక్క పాత్రల సబ్బు, పిండిన గుడ్డ. గుర్తు వేయడం లేజర్‌గీత గారికి బాగా తెలుసు.

లేజర్‌గీత
పిలిచారు కాబట్టి వచ్చాను.

రాత్రి వెలిగే బటన్ అసలు పాలలాంటి పారదర్శక ప్లాస్టిక్‌తో పోస్తారు. దాని మీద తెల్లరంగు, ఆ పైన నల్లరంగు. తర్వాత లేజర్‌తో నల్లపొరను మాత్రమే గుర్తు ఆకారంలో కాల్చేస్తారు. పగలు తెల్లగా కనిపించేది ఆ మధ్యపొర, రాత్రి దాని గుండానే వెలుతురు వస్తుంది. గోరు తగిలి నల్లపొర లేచిన చోట కూడా వెలుతురు వస్తుంది, మీరు చూస్తున్నది అదే.

దీన్ని బాగుచేసే దారులు చాలానే ఉన్నాయి కానీ అన్నీ సమానం కాదు. లేచిన చోటు గుర్తుకి దూరంగా, అంచున ఉంటే సన్న కుంచెతో మాట్ నల్ల రంగు ముట్టించడం చాలు. ఒకే పొర కాకుండా రెండు మూడు పలచటి పొరలు. వెనక నుంచి టార్చి పెట్టి చూస్తూ వేయండి, ఎక్కడ వెలుతురు కారుతోందో అప్పుడే కనిపిస్తుంది. కళ్లకి నల్లగా ఉన్నంత మాత్రాన వెలుతురు ఆగదు.

గుర్తే చెదిరిపోతే స్టిక్కర్లు దొరుకుతాయి. బటన్ మొత్తాన్ని కప్పే సైజుకి కోసిన నల్ల స్టిక్కర్, అందులో గుర్తు పారదర్శకంగా ఉంటుంది. చూడటానికి పర్వాలేదు, అంచులు మాత్రం వేలికి తగులుతాయి. రోజూ వాడే బటన్ మీద స్టిక్కర్ మూలలు లేస్తాయి, నెలకోసారి నొక్కే వెనక అద్దం హీటర్ బటన్ మీద ఏళ్లపాటు ఉంటుంది. నీటిలో తడిపి అంటించే డెకాల్ వేసి, పైన పలచగా మాట్ క్లియర్ కొడితే అంచు తెలియదు.

నా మొదటి ఇష్టం మాత్రం పాత నల్లపొర పూర్తిగా తీసి, తిరిగి తెలుపు, నలుపు వేసి, చిన్న లేజర్ యంత్రం ఉన్నవాళ్ల దగ్గర గీయించడం. వరుసలో ఒక్క బటన్ ఇలా చేయించకండి, అన్నీ కలిపి చేయించండి. ఒకటే కొత్త నలుపుతో ఉంటే పక్కవన్నీ ముసలివైపోతాయి. నలుపు ఒకటే రంగు అనుకుంటాం కానీ మెరుపులో తేడా వస్తే మీటరు దూరం నుంచే తెలిసిపోతుంది.

గుర్తు లోపలికి చెక్కి ఉండి తెల్లరంగు మాత్రం పోయిన పాత స్విచ్‌లైతే ఇంత హంగామా అక్కర్లేదు. గాడిలో తెల్ల ఎనామెల్ నింపి, పైపైన కార్డు అంచుతో తీసేయండి, అయిపోయింది.

ఆదివారం_మెకానిక్
బటన్లు తీసినప్పుడే వెనక బల్బులు చూసుకోండి, మళ్లీ మళ్లీ విప్పే పని తప్పుతుంది. పాతవాటిలో 1.2 వాట్ల చిన్న గాజు బల్బులు ఉంటాయి, పైన ఆకుపచ్చ లేదా నీలం రబ్బరు టోపీ. ఆ టోపీ వేడికి పెళుసై పొడిగా రాలిపోతే వెలుగు రంగు మారిపోతుంది. ఎల్‌ఈడీ వేస్తే వేడి తగ్గుతుంది కానీ ప్లస్ మైనస్ తిరగబడితే వెలగదు, తిప్పి పెట్టాలి. వెలుతురు తగ్గించే గుండ్రటి నాబ్ ఉన్న బండిలో కొన్ని ఎల్‌ఈడీలు సరిగా తగ్గవు, ఒక్కసారిగా ఆరిపోతాయి. నేనైతే పాత బల్బే వేస్తాను, పాత బండికి ఆ పసుపు వెలుగే అందం.

ప్లాస్టిక్_పిచ్చోడు
వెంట్ కింద లేచిన పట్టీ గురించి ఎవరూ మాట్లాడలేదు. అది నా వంతు.

పట్టీ తీసి వెనక చూడండి. >ABS<, >PP<, >PC+ABS< అని అచ్చులోనే పోసి ఉంటుంది. ఆ అక్షరాల మీదే అంతా ఆధారపడుతుంది. ఏబీఎస్ అయితే అదృష్టం. విరిగిన క్లిప్పు ముక్క దాచి ఉంటే అసిటోన్ కొద్దిగా రాసి రెండంచులూ కరిగించి కలిపేయొచ్చు. ముక్క పోతే, పనికిరాని ఏబీఎస్ ముక్కలు అసిటోన్‌లో నానబెట్టి చిక్కటి ముద్ద చేసి, దాంతో క్లిప్పు కట్టుకోవచ్చు. ఒక రోజంతా ఆరాలి, తొందరపడితే లోపల మెత్తగానే ఉంటుంది. కనపడే వైపు ఒక్క చుక్క పడకూడదు.

పీపీ (పాలీప్రొపిలీన్) అయితే అసిటోనూ సూపర్ గ్లూ రెండూ దండగ, దేన్నీ అంటనివ్వదు. పాలియోలిఫిన్ ప్రైమర్ (పీపీ లాంటి ప్లాస్టిక్‌కి జిగురు పట్టేలా చేసే పూత) రాసి దానికి తగిన జిగురు వాడాలి, లేదా వేడి పరికరంతో అదే ప్లాస్టిక్ పుల్ల కరిగించి వెల్డింగ్ చేయాలి. రంగు వేయాలన్నా ముందు రంగు పట్టేలా చేసే అడ్హెషన్ ప్రమోటర్ కొట్టాల్సిందే. గుర్తు లేని ముక్క అయితే నీళ్లలో వేసి చూడండి, పీపీ తేలుతుంది, ఏబీఎస్ మునుగుతుంది. అయితే మునిగినంత మాత్రాన ఏబీఎస్ అనుకోకండి, 20 శాతం టాల్క్ కలిపిన పీపీ (పీపీ-టీ20) కూడా మునుగుతుంది.

సూపర్ గ్లూ మీద వంట సోడా చల్లితే క్షణంలో రాయిలా గట్టిపడుతుంది, స్క్రూ బిగించే గొట్టం పగిలిన చోట పనికొస్తుంది. కానీ ఆ గ్లూ ఆవిరి చుట్టూ నల్ల ప్లాస్టిక్ మీద తెల్లటి బూజులా కూర్చుంటుంది. వెనకవైపు మాత్రమే వాడండి, ఆరేదాకా గాలి ఆడనివ్వండి.

స్క్రూలు తిరిగి బిగించేటప్పుడు ముందు వెనక్కి తిప్పండి. ఒకచోట టక్కుమని పాత మరలో పడుతుంది, అప్పుడు ముందుకి బిగించండి, చేత్తోనే. ప్రతిసారీ కొత్త మర కోసుకుంటూ పోతే ఆ గొట్టం త్వరలోనే పిండి అవుతుంది.

టకటక శబ్దం మాత్రం క్లిప్పు బాగైనా ఆగకపోవచ్చు. పట్టీ ఆనే చోట వెనక గుడ్డ టేపు, అదే వైరింగ్‌కి చుట్టే నూలులాంటి టేపు, ఒక వరుస అంటించండి.

కొత్త_సభ్యుడు
క్లిప్పు ముక్క, బటన్ మూత లాంటివి త్రీడీ ప్రింట్ చేసుకోవచ్చు కదా? నా దగ్గర ప్రింటర్ ఉంది, అందులో వేసే పీఎల్‌ఏ ప్లాస్టిక్ ఉంది.

ప్లాస్టిక్_పిచ్చోడు
పీఎల్‌ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది తమ్ముడూ. ఎండలో నిలిపిన బండి డ్యాష్‌బోర్డు పైభాగం 70 దాటడం మామూలే. నువ్వు చేసిన క్లిప్పు సాయంత్రానికి వంగిపోతుంది. పీఈటీజీ 80 వరకు ఆగుతుంది, కింద నీడలో ఉండే ముక్కలకి సరే. పైభాగానికి ఏబీఎస్ లేదా ఏఎస్ఏ, రెండూ 100 డిగ్రీల దాకా తట్టుకుంటాయి. ఏఎస్ఏ ఎండకి రంగు కూడా తొందరగా మార్చుకోదు. కొలతలు సరిచూసుకునే నమూనాకి పీఎల్‌ఏ వాడుకో, బండిలో బిగించేదానికి కాదు. క్లిప్పు వంగే దిశకి పొరలు అడ్డంగా కాకుండా పొడవునా వచ్చేలా ప్రింట్ చేయి, లేకపోతే పొరల మధ్య విరుగుతుంది.

సందేహాలరావు
అప్డేట్ ఇస్తున్నాను.

డ్రాప్ చూశాను. పక్క సీటు అద్దానికి 12 వోల్టుల వైపు 0.3, ఎర్త్ వైపు 1.4 వచ్చింది. తీగలపెట్టె గారు ఆ రెండో సగం చెప్పకపోతే స్విచ్ బాగుందనుకునేవాణ్ణే. సంచిలో పెట్టి తెరిచాను. ఆ రేకు కింద కాంటాక్టు నిజంగానే నల్లగా ఉంది, మధ్యలో చిన్న గుంట. ప్లాస్టిక్ కరగలేదు, అంచున కాస్త గోధుమరంగు తిరిగింది. శుభ్రం చేసి పెట్టాక ఎర్త్ వైపు 0.2. తేలిగ్గా నొక్కినా పనిచేస్తోంది ఇప్పుడు. గాడి కూడా తుడిచి స్ప్రే కొట్టాను, గాడిలోంచి వచ్చిన మట్టితో ఒక మొక్క నాటొచ్చు. ప్యానెల్ పూత తీయడం మొదలైంది, ఓపిక కావాల్సిన పనే. బటన్లు లేజర్ వాళ్లకి ఇద్దామనుకుంటున్నాను.

స్క్రూడ్రైవర్
సరే, ఈసారికి మీదే పైచేయి. కానీ బయట స్విచ్ అసలు కొనొద్దని మాత్రం అనకండి.

తీగలపెట్టె
అనడం లేదు. డబ్బా కరిగిపోయి కాంటాక్టు కూర్చునే చోటు వంకర తిరిగితే, ఎంత తుడిచినా లాభం లేదు, మార్చడమే. బయటి స్విచ్‌లు కొన్ని చక్కగానే ఉంటాయి. నేను చూసేది మూడు: రేకు మందం, రాత్రి వెలుగు రంగు మిగతావాటితో కలుస్తుందా, కనెక్టర్‌లో పిన్నుల వరుస అదేనా. ఆకారం ఒకటే ఉండి పిన్నులు వేరుగా ఉండే స్విచ్‌లు ఉన్నాయి. భాగం నంబరు చివర అక్షరం మారితే పెట్టే ముందు పాతదాని పిన్నులతో పోల్చి చూడాలి. స్క్రాప్ యార్డులో అదే కంపెనీ వేరే మోడల్ నుంచి సరిపోయేది దొరకడం చాలా మామూలు. డోర్ మీది ఒంటి స్విచ్ కావాలంటే వెనక డోర్‌ది తీసుకోండి, అది తక్కువ వాడిన ముక్క.

రిలే_87
కాలిన స్విచ్‌లంటే హెడ్‌లైట్ స్విచ్ చెప్పకుండా ఎలా? పాత బండ్లలో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే పరికరం) లేకుండా హెడ్‌లైట్ కరెంటంతా స్విచ్ గుండానే పోయేవి ఉన్నాయి. 55 వాట్ల బల్బులు రెండంటే 110 వాట్లు, 12 వోల్టుల దగ్గర 9 ఆంపియర్ల పైనే. ఎవరో ఎక్కువ వెలుగు కావాలని 100 వాట్లవి వేస్తే దాదాపు 17. ఇక స్విచ్ వెనక కనెక్టర్ కరగక ఏం చేస్తుంది?

మార్చే స్విచ్‌తో పాటు రిలే కూడా పెట్టండి. రిలే కాళ్ల మీద నంబర్లు ఉంటాయి: స్విచ్ నుంచి వచ్చే తీగ 86కి, 85 ఎర్త్‌కి, బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా 30కి, 87 నుంచి బల్బులకి. ఇక స్విచ్ మోసేది రిలే కాయిల్‌కి సరిపడే కొద్దిపాటి కరెంటే.

ఏసీ బ్లోయర్ నాబ్ కూడా ఇదే కథ. నాబ్ వెనక కనెక్టర్ కరిగిందంటే బ్లోయర్ మోటారు బిగుసుకుని తిరుగుతోందేమో చూడండి. దాని సంగతి చూడకుండా నాబ్ మార్చడం, కొత్త కనెక్టర్‌ని కూడా కాల్చుకోవడమే.

కొత్త_సభ్యుడు
మా నాన్నగారి బండిలో స్టీరింగ్ మీద వాల్యూమ్ పెంచే బటన్ నొక్కితే ఒక్కోసారి పాట మారిపోతుంది. అది కూడా స్విచ్ అరగడమేనా?

తీగలపెట్టె
అవును, కానీ రకం వేరు. స్టీరింగ్ బటన్లన్నీ చాలా బండ్లలో ఒకే తీగ మీద ఉంటాయి. ఒక్కో బటన్‌కి ఒక్కో రెసిస్టెన్స్, దాన్ని చదివి రేడియో ఏ బటనో తెలుసుకుంటుంది. బటన్ కింద రబ్బరు గుమ్మటం, దానికి కార్బన్ బిళ్ల. అది అరిగితే దాని సొంత రెసిస్టెన్స్ కలిసి, మొత్తం పక్క బటన్ విలువకి దగ్గరవుతుంది. రేడియో పాపం అదే అనుకుంటుంది. బిళ్లనీ బోర్డునీ ఆల్కహాల్‌తో మెల్లగా తుడిస్తే చాలావరకు సర్దుకుంటుంది, లేకపోతే బిళ్ల మీద రాసే కార్బన్ పూత దొరుకుతుంది.

అయితే స్టీరింగ్ దగ్గర ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది, ఇది ఆదివారం సరదా పని కాదు. బ్యాటరీ మైనస్ తీసి, మీ బండి మాన్యువల్‌లో చెప్పినంతసేపు ఆగాలి. పసుపు కనెక్టర్లలో మీటర్ మొన పెట్టకూడదు, ఎప్పుడూ. అవి ఊడి ఉన్నప్పుడు ఇగ్నిషన్ ఆన్ చేస్తే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి, స్కానర్ (బండి లోపాలు చదివే పరికరం) పెట్టి ఆ లోపం కోడ్ చెరిపేదాకా ఆరకపోవచ్చు. తెలియకపోతే తెలిసినవాళ్ల చేత తీయించు. బ్యాటరీ తీసేముందు పాత రేడియోకి కోడ్ అడిగే రకమేమో కూడా చూసుకో, తర్వాత పాటా ఉండదు, వాల్యూమూ ఉండదు.

నల్లపూత
చెక్క ట్రిమ్ ఉన్నవాళ్లు ఎవరైనా చదువుతుంటే: పగిలింది చెక్క కాదు, పైనున్న లాకర్, అంటే మెరిసే వార్నిష్ పూత. నిజమైన చెక్కపొర అయితే లాకర్ తీసి మళ్లీ వేయొచ్చు, చెక్కపొర మాత్రం కాగితమంత పలచన, సాండింగ్‌లో దాటిపోతే అంతే. చెక్క బొమ్మ అచ్చేసిన ప్లాస్టిక్ అయితే దాని జోలికి పోకుండా వినైల్ చుట్టేయడం మేలు. డ్యాష్‌బోర్డు పైన పగుళ్లకి గట్టి పుట్టీ వేయకండి, ఎండకి అది వంగదు, పక్కనే మళ్లీ చీలుతుంది. మెత్తగా ఉండే ఫిల్లర్ కావాలి. పైగా ఎన్నేళ్లుగానో మెరిసే సిలికాన్ పాలిష్ రాసి ఉంటే ముందు దాన్ని పూర్తిగా కడగాలి, లేదంటే రంగు వేసిన చోట చేపకళ్లలా గుంటలు పడతాయి.

గాజు_గాడి
నాదీ ఒకటి అడుగుతాను. ఇండికేటర్లు అప్పుడప్పుడు పనిచేయట్లేదు. రిలే మార్చాను, బల్బులు బాగున్నాయి. హజార్డ్ స్విచ్ నొక్కితే మాత్రం నాలుగూ కొడుతున్నాయి.

తీగలపెట్టె
ఆ హజార్డ్ స్విచ్చే అయ్యుండొచ్చు. చాలా పాత బండ్లలో ఇండికేటర్ కరెంటు, హజార్డ్ ఆఫ్‌లో ఉన్నప్పుడు, ఆ స్విచ్ లోపలున్న ఇంకో జత కాంటాక్టుల గుండా పోతుంది. ఆ బటన్‌ని ఏడాదికి ఒకసారి కూడా ఎవరూ నొక్కరు కాబట్టి అక్కడ చిలుము పడుతుంది. ఇగ్నిషన్ ఆఫ్ చేసి, బటన్‌ని ఒక పాతిక సార్లు గబగబా నొక్కి వదలండి. ఆ తర్వాత ఇండికేటర్లు సరిగా కొడితే రోగం తెలిసినట్టే, తీరిక ఉన్నప్పుడు విప్పి తుడవండి. మారకపోతే ఇండికేటర్ కాడ కనెక్టర్ దగ్గరికి రండి, అక్కడ డ్రాప్ కొలిచి ఎంత వచ్చిందో ఇక్కడ పెట్టండి.